గుల్షన్ దవడ ఫిల్ము

అబ్దుల్ సలాం గారు ఏలూరులో ఒక పళ్ల డాక్టరు గారి దగ్గర ఇరవై ఏళ్లుగా ఎక్స్‌రే మిషను నడుపుతున్నారు. ఆ సాయంత్రం తన ఇంటి అరుగు మీద కూర్చుని, పక్కింటి అబ్బాయిరాజు గారికీ ఎదురింటి వరమ్మకీ కోతలు కోస్తున్నారు. లోపల టీ కాస్తున్న ఆయన భార్య గుల్షన్‌కి అన్నీ వినిపిస్తూనే ఉన్నాయి. ఆమె కుడి దవడ ఎముకలో ఏదో మచ్చ ఉందనీ, రేపే గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్లి ముక్క తీయించి పరీక్ష చేయించుకోమనీ డాక్టరు గారు పొద్దున్నే ఎక్స్‌రే ఫిల్ము చూసి చెప్పారు. ఈయనేమో అక్కర్లేదంటున్నారు.

"మొన్న గుండుగొలను నుంచి ఒకావిడ వచ్చిందండీ. మిషను తల చుట్టూ తిరిగొచ్చింది. చూస్తే కుడి దవడ మీద ఇంత మచ్చ! డాక్టరు గారు కంగారు పడిపోయారు. నేను గుమ్మంలోంచే చూసి, 'ఆగండి సార్, అది రోగం కాదు, మిషను తిరిగేటప్పుడు ఇటు పడ్డ ఎడం చెవి కమ్మ నీడ' అన్నాను. కమ్మ తీయించి మళ్లీ తీస్తే మచ్చా లేదు, మన్నూ లేదు!"

"అమ్మో, నిజమేనండీ?" అంది వరమ్మ.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? సంగతి ద్వారకా తిరుమల దాకా పాకిపోయి, జనం నోళ్లు తెరుచుకుని మా సందులో బారులు తీరారు. ఇంక మిషనెందుకండీ, ఉత్త కళ్లతోనే చూసేస్తున్నా! ఒకాయన పంటి వేరులో వాళ్ల తాతగారు తిన్న కొర్రమీను ముల్లు కనిపించింది."

"తాతగారు తింటే ఈయన పంట్లోకి ఎలా వచ్చిందండీ?"

"ఆస్తితోపాటు వచ్చిందండీ రాజు గారూ! అది కాదు, కొల్లేరు గట్టున నుంచుంటే నీళ్లడుగున చేపల పళ్లన్నీ కనిపించాయి. ఒక జెల్లకి పుచ్చిన పన్ను పీకి వదిలాను. మర్నాటికి గూడబాతులు కూడా వచ్చి వరసలో నుంచున్నాయి."

"గూడబాతుకి పళ్లెక్కడివండీ!" అంది వరమ్మ.

"అదే చెప్పి పంపేశానండీ, పాపం!"

అందరూ నవ్వారు. సలాం గారి గొంతు ఇంకా పెద్దదైంది. "అందుకే అంటున్నా, మా ఆవిడ ఫిల్ములో ఉన్నదీ కమ్మ నీడే. గుంటూరు ఎందుకండీ, నా కళ్లకి తెలీదా?"

గుల్షన్ టీ గ్లాసులు తెచ్చి అరుగు మీద పెట్టింది. ఆయన కోతలకి ఇన్నేళ్లూ అందరికంటే ముందు నవ్వింది తనే. ఈ ఒక్కటీ నమ్మేయాలని ఆమెకి ఎంత ఆశగా ఉందో.

"ఏవండీ," అంది మెల్లగా, "ఫిల్ముకి ముందు నా కమ్మలు మీరే తీశారు కదండీ. శీల బిగుసుకుపోతే కొబ్బరినూనె రాసి మరీ తీశారు."

రాజు గారు తల దించుకున్నారు. వరమ్మ గ్లాసు ముట్టుకోలేదు.

"తీశాను. రెండూ తీశాను," అన్నారు సలాం గారు. గొంతు వినీ వినపడనట్టుంది. "ఆ మచ్చ డాక్టరు గారికంటే ముందు చూసింది నేనే, గుల్షన్. అదేమిటో ఫిల్ములో తెలీదు. తెలుసుకోవాలంటే భయమేసింది."

గుల్షన్ ఆయన పక్కన కూర్చుంది.

"నాకూ భయంగానే ఉందండీ," అంది. "మొదటి బస్సుకే వెళ్దాం."