పేట మొత్తానికీ ఒకటే రంగు

ఒర్లియంపేటలో ఆయనది కిరాణా అంగడి. ఎన్నికల్లో నిలబడి ఓడిపోయినప్పటి నుంచీ, మూడు నెలలుగా, వీధి వీధంతా తనను ముంచిందని ఆయన ఇరుగుపొరుగుతో మాటలు మానేశాడు. ఆ మధ్యాహ్నం కూతురు ఆయన ముందు ఫోన్ పెట్టింది.

"చూడు నాయనా, పోలింగ్ బూతుల వారీగా ఓట్లు చూపించే పటం."

"ఆపొద్దే పేపర్లో చూసినాను కదా. పేటంతా వాళ్ల రంగే."

"గెలిచినోళ్ల రంగు పేట మొత్తానికీ పూసేస్తారు నాయనా. బూతు బూతుకీ విడదీస్తే వేరేగా ఉంటాది. ఇదిగో మన వీధి. నీకు నాలుగు వందల పన్నెండు, వాళ్లకు నూట ఎనభై."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మనోళ్లు నాకే వేసినారా? ఎదురింటి సుబ్బరాయలు?"

"ఎవరు ఎవరికి వేసినారో ఇందులో ఉండదు. నీకోసరం ఓట్లడుగుతా ఇల్లిల్లూ తిరిగిన మనిషి ఆయన, నీకు తెలీదా?"

"ఓడినాక రెండుసార్లు అంగడి మెట్టెక్కి పిలిచినాడు అమ్మణ్ణీ. మొగం తిప్పుకుంటిని."

ఆయన ఎదురింటి వైపు చూశాడు.

"పోయిన వారం వాడి పాడె ఈ ముందరే పోయింది. అది దాటేదాకా మర్యాదకని అందరూ షట్టర్లు దించినారు. నేను దించలా."

ఆయన లేచి షట్టర్ పట్టుకున్నాడు.

"ఇప్పుడెందుకు నాయనా? వీధిలో ఎవురూ లేరే."

"దించనీ, అమ్మణ్ణీ."