ఖాదరు కప్పిన శాలువా

ఏంది అఖీలూ, పొద్దుట్నించి ఆ ఫోనుని అట్ట తిడతా ఉండావు? ఇట్ట తే, నన్ను చూడనీ. ఓహో, యాడనో కొత్త ప్రెసిడెంటు ప్రమాణం చేస్తుండాడా. పాటలోళ్ళు, సినిమావోళ్ళు, బాణసంచా, బో ఉండాదే సంబరం. ఈ మూల కూర్చోనుండేది ఎవరు, మొహం ఆముదం తాగినట్టు పెట్టుకోని? ఓడిపోయినాయనా. అందుకా నీ కోపం. అమ్ముడుపోయినాడంటావు, ప్రజల్ని ముంచేసినాడంటావు. అనుకో బేటా, నీ వయసులో అట్టనే ఉండాల. ‘రాజీ అంటే లొంగుబాటు’, ‘మౌనం కూడా నేరమే’, నువ్వు నీ మంచం పక్క గోడకి అంటించినవన్నీ నేను టీ తాగతా చదువుతానే ఉండా. కానీ ఓడిపోయినోడు గెలిచినోడి పండక్కి దేనికి పోతాడో, అది ఆ గోడ మీద లేదే. మా ఖాదరు అట్టనే ఒక పండక్కి పోయినాడు చూడు, ఖాదర్ హుస్సేను, ఈ కరామా రూములోనే, నువ్వు పడుకుంటుండే ఆ మంచం మీదనే పడుకునేవాడు. నువ్వు దుబాయ్ వచ్చేలోపలే కరోనాలో కన్నుమూసినాడు. నెల్లూరోడే, మా పక్క వీధి. బర్ దుబాయ్‌లో బట్టల కొట్లో పని. ఇంత ఎత్తు మనిషి, గొంతు చూస్తే మూడు సందులవతల వినపడేది. చీర కొనేదానికి వచ్చిన ఆడోళ్ళు ఆయన గొంతు విని... సరే, అదొద్దులే.

కరోనా వచ్చేదానికి కొంచెం ముందర, ఆ జనవరిలో, మన తెలుగు సంఘానికి ప్రెసిడెంటు ఎన్నిక జరిగింది. ఒక పక్క మా ఖాదరు, ఇంకో పక్క రామ్మోహనరావు సారు. సారు అంటే చిన్నోడు కాదు, లేబర్ క్యాంపులకి భోజనాలు పంపించే కంపెనీకి ముదీరు, అంతా ఆయన చేతి కిందనే. ఖాదరు ఓడిపోయినాడు. ఓడిపోడా మరి, ఆ పక్క సినిమా హీరోయిన్ని పిలిపిస్తామని చెప్పినారు, ఈ పక్క మేము క్యాంపుల్లో ఉండేవాళ్ళకి అండగా ఉంటామని చెప్పినాము. మేము అంటుండా గానీ నేను ఏ పక్కా లేను, నాకు ఎన్టీవోడి కాలం నించి సినిమా పిచ్చి అంతే. ఓడిపోయినాక ఖాదరు పక్కనుండే వాసు అనే అబ్బాయి, ఆఫీసులో పెద్ద ఉద్యోగం, అచ్చం నీ మాదిరే మాట్లాడేవాడు, అందర్నీ ఇక్కడ కింద హోటల్లో కూర్చోబెట్టినాడు. "ఇది సంఘం కాదు, సామ్రాజ్యం. ఆ ప్రమాణ స్వీకారాన్ని మనం బహిష్కరిస్తున్నాం. ఆ హాల్లో అడుగు పెట్టినవాడు ద్రోహి" అన్నాడు. దోసె ప్లేటు మీద చేతి మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించినాడు. చట్నీ అంటుకోని ఒకాయన చెయ్యి వెనక్కి తీసుకుంటే, ఆయన్ని కూడా అనుమానంగా చూసినాడు. ఖాదరు కూడా చెయ్యి పెట్టినాడు. అబద్ధం చెప్పను.

ఆ పండగ శుక్రవారం. గురువారం సాయంత్రం వీరమ్మ వచ్చింది ఈ రూముకి. ఆత్మకూరు ఆమె, సారు కంపెనీ కిచెన్‌లో వంట. గుమ్మంలోనే కూలబడింది. ఊళ్ళో తల్లికి జబ్బు, డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారంట. ఈమె సెలవడిగితే ఆఫీసోడు, "పాస్‌పోర్ట్ మా దగ్గర ఉండాది, పండగ అయ్యేదాకా ఖలాస్, మాట్లాడొద్దు" అన్నాడంట. ఎందుకో తెలుసా? ఆ హీరోయిన్‌కి నెల్లూరు చేపల పులుసు ప్రాణమంట. ఆమె ఉండే నాలుగు నాళ్ళూ సారు ఇంట్లోనూ, పండగ హాల్లోనూ పులుసు వీరమ్మే వండాలంట. "అమ్మ చచ్చిపోతుంటే నేను చింతపండు పిసకతా ఉండాల్నా, అన్నా?" అని ఏడిచింది. ఖాదరు సారుకి ఫోన్ చేసినాడు, ఎత్తలేదు. మళ్ళా చేసినాడు, కట్ చేసినాడు. ఇంక తెల్లారినాక ఇస్త్రీ చొక్కా తొడుక్కోని, "సనావుల్లా, లెయ్, పండక్కి పోదాం" అన్నాడు. ఒట్టు వేసినావు గదరా అంటే, "పోకపోతే ఒట్టు నిలబడతాది, వీరమ్మ నిలబడదు" అన్నాడు.

ఇంక ఆ హాలు చెప్తా విను. లైట్లు, తప్పెట్లు, గుమ్మం దగ్గర హీరోయిన్ మొహం అచ్చేసిన అట్ట విసనకర్రలు పంచుతుండారు. నేనూ ఒకటి తీసుకున్నా. వెనక వరసలో కూర్చుందామని పోతే ఎవరుండారు అనుకుంటావు? నల్ల కళ్ళద్దాలు, టోపీ, వాసు. పక్కన పెళ్ళాం కాత్యాయని, ఒళ్ళో పిల్ల, పిల్ల చేతిలో విసనకర్ర. అటు చూస్తే చట్నీ ఆయన స్తంభం చాటున. దోసె ప్లేటు మీద చేతులు పెట్టినోళ్ళందరూ ఆ వెనక వరసల్లోనే, ఒకర్నొకరు చూడనట్టు పైకప్పు చూసుకుంటా. నాకు నవ్వాగక విసనకర్ర అడ్డం పెట్టుకున్నా.

స్టేజీ మీద ఒకటే శాలువాలు. మన సభల్లో తెలుసుగా, కప్పనోడికీ కప్పించుకోనోడికీ అన్నం దిగదు. సారు ప్రమాణం అయింది, హీరోయిన్ పక్కనే కూర్చోనుండాది. యాంకరు అబ్బాయి ఎగతాళికి, "ఓడిపోయిన అభ్యర్థి ఖాదర్ గారు ఎక్కడున్నా వేదిక మీదికి వచ్చి మా అధ్యక్షుల వారికి శాలువా కప్పి రెండు ముక్కలు మాట్లాడాలి" అన్నాడు. రాడని తెలుసు వాడికి. హాలంతా నవ్వు. మళ్ళా పిలిచినాడు, మళ్ళా నవ్వు. మావోడు లేచినాడు. నవ్వు ఆగిపోయింది అఖీలూ.

పోయినాడు, కప్పినాడు, మైకు తీసుకున్నాడు. "ఎన్నికలప్పుడు ఈయన్ని నానా మాటలూ అన్నా. ఈ రోజు చెప్తుండా, ఈయన గొప్పోడు" అన్నాడు. వెనక వాసు టోపీ తీసేసినాడు. "మీరందరూ ఇప్పుడు తినబోయే పులుసు వండింది వీరమ్మ. ఆమె తల్లి ఊళ్ళో ఆఖరి మంచం మీద ఉండాది. కుర్చీలో కూర్చున్న మొదటి రోజే సారు ఏం చేస్తుండారో తెలుసా? పాస్‌పోర్ట్ చేతికిచ్చి, టికెట్టు తీసి, ఈ రోజే వీరమ్మని విమానం ఎక్కిస్తుండారు. నేను గెలిచుంటే నాకు ఈ బుద్ధి పుట్టేది కాదు. చప్పట్లు కొట్టండి." సారు మొహం చూడాల నువ్వు. ఆయన నోరు తెరిచేలోపల హాలు దద్దరిల్లిపోయింది. హీరోయిన్ లేచి, కళ్ళు తుడుచుకోని, "సర్, యూ ఆర్ గ్రేట్, ఆ అమ్మని పిలవండి" అనింది. మసాలా చేతుల్తో వీరమ్మ వచ్చింది. ఇంక సారు ఏం చేస్తాడు? "అవునవును, నేనే చెప్పాను" అని డ్రైవర్ని చూసి, "యల్లా, ఆఫీసుకి పో" అన్నాడు. ఆ రోజే ఎక్కింది బిడ్డా, ఆ రోజే.

మర్నాడు కింద హోటల్లో వాసు కాచుకోనుండాడు. "శత్రువుకి శాలువా కప్పి గొప్పోడంటావా? నువ్వు చరిత్రకి ద్రోహం చేశావు." ఖాదరు నిదానంగా టీ తాగినాడు. "నేను ఆయన్ని గొప్పోడన్నట్టు నీకెట్ట తెలుసు వాసూ?" అన్నాడు. ఎవరో చెప్పారు అన్నాడు వాసు. పక్కనే కాత్యాయని ఒళ్ళో పిల్ల ఆ విసనకర్రతో ఈగల్ని తోలుతుండాది. హోటలోడు కూడా నవ్వినాడు. అయినా వదల్లేదు, వాట్సాప్ గ్రూపులో నించి ఖాదర్ని తీసేసినారు. ఆయన్నే ప్రెసిడెంటుగా నిలబెట్టిన గ్రూపు. ఆ ఫోను నాకు చూపించి నవ్వినాడు గానీ, ఆ వారం రోజులూ అన్నం సరిగ్గా తినలేదు. మళ్ళా ఎవరూ పిలవలేదు, ఈయనా పోలేదు. తర్వాత లాక్‌డౌను వచ్చింది, బియ్యం మూటలు మోస్తా క్యాంపులకి తిరిగినాడు, ఆ జబ్బు అంటించుకున్నాడు. మయ్యత్‌కి, పిడికెడు మట్టి వేసేదానికి, నన్ను కూడా రానియ్యలేదు.

వీరమ్మ తల్లా? బతికింది. బిడ్డని చూసి లేచి కూర్చోని గంజి తాగిందంట. మా ఖాదరు పోయినాక కూడా ఆ ముసలామె రెండు వేసవులు చూసింది.

...

ఏంది, ఫోను కట్టేసినావు? పెట్టు పెట్టు. ఆ పాటలమ్మాయి ఇంకా పాడుతుండాదేమో చూద్దాం. సౌండు కొంచెం పెంచు.