బండికి చలిజ్వరం

మంగేష్ పళ్లు బిగపట్టి వజ్రమ్మ చాయ్ బండి పక్కన బెంచీ చివర కూచున్నాడు. పొద్దున టాక్సీ సేటు తాళంచెవి లాక్కున్నాడు. "గ్యాసు బండికి ఇంత పెట్రోలు ఎట్లా పడుతుంది? అమ్ముకుంటున్నావు" అని తోటి డ్రైవర్ల ముందే అనేశాడు. సాయంత్రంలోగా కారణం చూపించాలి, లేకపోతే రేపటి నుంచి రావద్దు. తాత కాలం నుంచి ముంబై కామాఠిపురాలో మంగేష్ ఇంటివాళ్లను దొంగలన్నవాడు లేడు. కడుపు మండిపోతోంది మంగేష్‌కి. ఆ మంట మీదే దుర్గయ్యను ఒక మాట అడగాలని వచ్చాడు. దుర్గయ్యకు నాగ్‌పాడాలో గ్యారేజీ ఉంది, ఈ గల్లీ టాక్సీలన్నీ ఆయన చేతి కిందివే. అడుగుదామంటే ఆయన నోరు మూస్తేగా!

"గా బిల్డర్ బండి ఉండె గదా, నల్లది, గది వేడెక్కుతలేదు" అంటున్నాడు దుర్గయ్య, పావ్ చాయ్‌లో ముంచుతూ. "గరం చూపెట్టే సూది కింద పండుకున్నది, లేస్తలేదు. షోరూమోళ్లు ఏం చేసిన్రు? కంప్యూటర్ పెట్టిన్రు. థూ! కంప్యూటర్‌కు చెయ్యి ఉందా, గొట్టం పట్టి చూసెతందుకు? నేను రేడియేటర్ పైగొట్టం మీద చెయ్యి పెట్టిన. బండి చాలూ చేసినంక అది కొంచెంసేపు చల్లగుండాలె, లోపల వాల్వు మూసుకొని ఉంటది గనుక. ఇంజన్ గరమైనంక వాల్వు తెరుచుకుంటది, గొట్టం ఒక్కసారే కాలుతది. గీడ మొదటి నుంచే నీళ్లు తిరుగుతున్నయ్. రోగం దొరికింది!"

ఇంతవరకు అబద్ధం లేదు. అదే మంగేష్‌కు మరీ ఒళ్లు మండించింది. ఏమీ తెలియనివాడైతే క్షమించేవాడేమో.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? బానెట్ లేపిన. మంచు! పోచమ్మ మీద ఆన, మంచు! గల్లీ పోరగాండ్లు గీకి గీకి బర్ఫ్ గోలా చేసుకొని తిన్నరు. చేపలమ్మే శాంతాబాయి పాప్లెట్ల బుట్ట తెచ్చి ఇంజన్ మీద పెట్టింది, ఐతారం దాక వాసన రాలే!"

"మరి డ్రైవరో?" అన్నాడు ముత్తయ్య. ఆయనదీ టాక్సీయే.

"మే నెలల స్వెటర్ ఏసుకొని తోలిండు! మీసాలకు మంచు వేలాడుతుండె. గసొంటి బండికి కొత్త వాల్వు ఏడ దొరుకుతది? నేనే చేసిన. రాగి చెంబు కోసి, మైనం పోసి, స్ప్రింగు పెట్టి బిగించిన. సూది లేసింది, లేసి లేసి అద్దం పలగ్గొట్టుకొని బయటికొచ్చింది! బానెట్ మీద గంజు పెట్టి మొత్తం చాల్ ఇండ్లోళ్లకు అన్నం వండిన్రు. ఆ వేడికి గ్రాంట్ రోడ్‌ల పట్టాలు కాలి, లోకల్ రైలు ఆగితే చక్రాలు సుర్రుమంటున్నయని దాదర్ దాక ఆగకుండ ఉరికింది!"

"దుర్గన్నా, నా స్టవ్వు ఆర్పెయ్యనా?" అంది వజ్రమ్మ. "నీ మాటల మీదనే చాయ్ మరుగుతది."

అందరూ నవ్వారు, మంగేష్ తప్ప. దుర్గయ్యకు పౌరుషం వచ్చింది.

"నవ్వకున్రి! నా కోపమంత ఒక్కని మీద. ఆ బండిల అసలు వాల్వే లేదు. ఎవడో గాడిద పీకి పారేసిండు. ముంబై ఉక్కపోతకు వాల్వు ఎందుకట! ఇంజన్ వేడెక్కదు. గ్యాసు బండైతే ఇంజన్ గరమయ్యేదాక గ్యాసు మీదికే ఎక్కదు, పెట్రోలు తాగుతనే ఉంటది. తిట్లు తినేటోడు పాపం డ్రైవరు. ఆ మెకానిక్ దొరికితే నడి నాగ్‌పాడాల చెప్పుతోని కొడుత!"

మంగేష్ లేచాడు.

"దొరికిండు కాకా. పొద్దుగాల నా బండి గొట్టం ఇప్పి చూసిన. లోపల వాల్వు లేదు, ఉత్త డబ్బా. ఎండకాలం బండి గరమైతుందని నీ దగ్గరికే తెచ్చిన. నువ్వు తప్ప దాన్ని ఎవ్వడు ముట్టలే. సేటు నన్ను దొంగ అంటున్నడు."

ఇంకొకడైతే తల దించేవాడు. దుర్గయ్యకు ఆ అలవాటు లేదు.

"అయితే ఏంది?" అని గర్జించాడు. "నేను వాల్వు తియ్యని బండి ఉందా ఈ గల్లీల? ఒక్కటి చూపెట్టు! నేను పీకిన వాల్వులన్ని కుప్ప పోస్తే మలబార్ హిల్ అంత అయితది!"

బెంచీ మీది డ్రైవర్లు ఒక్కొక్కరే చాయ్ గ్లాసులు కింద పెట్టారు.

"నా బండిల గూడనా?" అన్నాడు ముత్తయ్య, లేచి నిలబడుతూ.

దుర్గయ్య అటూ ఇటూ చూశాడు. ఎటు చూసినా డ్రైవర్లే. మంగేష్ వచ్చి ఆయన జబ్బ పట్టుకున్నాడు.

"నడువు కాకా, సేటు ఇంక ఆఫీసులనే ఉన్నడు. గిప్పుడు చెప్పిన మాట ఆయన ముందర గూడ గింతే గొంతుతోని చెప్పాలె."