రేకుల కింద దున్నదూడ

“తాతయ్యా, గేదె ఈనింది. దూడని రేకుల షెడ్డులోనే కట్టెయ్యనా?”

వద్దమ్మా, వద్దు. పదకొండు దాటితే ఆ రేకుల కింద మనిషే నిలవలేడు. ఇలా వసారాలోకి తెచ్చెయ్యి. ఆఁ, అక్కడ. గోనెసంచి తడిపి ఎండవైపు వేలాడదియ్యి, గాలి మాత్రం ఆడనివ్వు. ఇప్పుడు కూర్చో. ఎవరికీ చెప్పనిదొకటి చెబుతాను.

తొంభై ఎనిమిది... కాదు, తొంభై తొమ్మిదే. బడిలో చరిత్ర చెప్పడం నుంచి రిటైరైన ఏడాది. తాటాకు పాక తీయించి ఆ రేకులు వేయించిందీ అప్పుడే. మా నాన్నగారు ఏటా ఆకు మార్పించేవారు. నాకది అనవసరపు శ్రమ అనిపించింది. చదువుకున్నవాణ్ణి కదా!

రోహిణి కార్తెలో గేదె ఈనింది. దున్నదూడ. నీకు తెలుసుగా, పెయ్యదూడైతే రేపు పాలిస్తుందని ఇంటిల్లిపాదీ కాచుకుంటారు. ట్రాక్టర్లొచ్చాక దున్నని అడిగేవాడే లేడు. అలాగని ఎవరూ చంపరమ్మా. పాలు కాస్త తక్కువ వదులుతారు, అంతే.

నేనూ అదే చేశాను. జున్నుపాలు ఇరుగుపొరుగుకి పంచాను. ద్రాక్షారామం నుంచి ఒక స్నేహితుడు వచ్చాడు, శాసనాలంటే నాలాగే పిచ్చి, ఆయనకో చెంబుడు. దూడకి నాలుగు గుక్కలు మిగిలాయేమో. నాలుగని కూడా ప్రమాణం చెయ్యలేను.

మధ్యాహ్నం మీ నాయనమ్మ వచ్చింది. “ఏవండీ, దూడ నోరు తెరిచి రొప్పుతోంది. వసారాలోకి తెద్దాం.”

నేనూ, ఆ స్నేహితుడూ అక్కడే కూర్చుని ఏదో శాసనం కాలం గురించి వాదించుకుంటున్నాం. “పెద్దమనుషులు కూర్చున్నచోట దూడేంటి? చల్లబడ్డాక చూద్దాం,” అన్నాను.

“రాళ్ళ మీద అక్షరాలు చదువుతారు గానీ, దూడ మొహం చదవడం రాదా మీకు?”

స్నేహితుడు నవ్వాడు. నేనూ నవ్వాను. పాపం, తనొక్కతే తడిగుడ్డలు కప్పుతూ కూర్చుంది. పైనుంచి రేకులు కాలుస్తుంటే గుడ్డ ఎంతసేపు తడిగా ఉంటుంది, చెప్పు?

నేను లేచి వెళ్ళేసరికి నాలుగైంది. దూడ కళ్ళు లోపలికి పోయాయి. పాలు వేలితో నాలుక మీద రాశాను. మింగలేదు. దీపాలు పెట్టే వేళకి పోయింది. గేదె మూడు రోజులు అరిచింది. కాదు, నాలుగు.

డైరీలో ‘వడదెబ్బకు దూడ పోయింది’ అని రాశాను. స్థలపురాణంలో ప్రతి మాటకీ ఆధారమేదని జీవితమంతా నిలదీసినవాణ్ణి. ఆ వాక్యాన్ని మాత్రం నిలదీయలేదు. ఎండ ఆ వేసవిలో అందరి దూడల మీదా కాసిందమ్మా. రాసినదాన్ని కొట్టేస్తే అది ఇంకో అబద్ధమవుతుందని, కింద ‘ఆకలి, రేకులు, నేను’ అని చేర్చాను. కానీ మీ నాయనమ్మ పోయాక చేర్చాను. తను ఉండగా చూపించాల్సింది. చూపించలేకపోయాను...

అదిగో, లేవాలని చూస్తోంది. ఇంతకీ పెయ్యా, దున్నా?

“దున్నే, తాతయ్యా.”

అయితే తల్లిని కూడా ఆ కొబ్బరిచెట్ల నీడకి మార్చి, దీన్ని దాని దగ్గర వదులు. కడుపునిండా తాగనీ. జున్నుపాలకి ఎవరైనా గిన్నె పట్టుకొస్తే నేను చెబుతాలే, ఈసారి లేవని. నీ చేతుల మీద పుట్టినవన్నీ నిలబడాలి, తల్లీ. వెళ్ళు... మెల్లగా ఎత్తు, మెల్లగా...