అనంతగిరి గింజ

విజయనగరంలో కాఫీ గింజలు వేయించి, పొడి కొట్టి అమ్మే వర్తకుడు, హోటలు నడిపే తన బావ చేతికి కాఫీ గ్లాసు ఇచ్చి ఆయన మొహమే చూస్తూ కూర్చున్నాడు. ఈ ఒక్క బేరం కుదిరితే ఊళ్లో మిగతా హోటళ్లూ తన దారికే వస్తాయని వర్తకుడి లెక్క.

"ఎలాగున్నాది బావా?"

"అదిరిపోయిందిరా. మైసూరు గింజంటే ఇదీ! నెలకో బస్తా పంపించు."

"మైసూరుది కాదు. మన అనంతగిరి కొండల్లో పండింది."

"ఎకసెక్కాలాడకు. కొండల్లో సింతపండు దొరుకుతాది గానీ కాఫీ ఏటి?"

"నానే ఎల్లి సూసినాను. సెట్ల నీడన ఎర్రగా పండి ఉన్నాది."

"సరేలే, తీసుకుంటాను. బోర్డు మీద మాత్రం మైసూరు కాఫీ అనే ఉంటాది."

"అయితే గింజ ఇవ్వను."

"ఒరే, పిచ్చెక్కిందేటి? ఇంటికొచ్చిన బేరం కాలదన్నుకుంటావా? కొండ కాఫీ అంటే ఎవుడు తాగుతాడు?"

"నువ్వు తాగినావు గదా."

బావ గ్లాసు అడుగున మిగిలిన గుక్క కూడా తాగి, ఖాళీ గ్లాసు ముందుకు జరిపాడు.

"బోర్డులు రాసేవోడికి కబురెడతాను. అనంతగిరి కాఫీ అనే రాయిస్తాను. ఇంకో గలాసు పొయ్యి."

"అచ్చరాలు పెద్దవి రాయించు బావా, రోడ్డు అవతలికి కూడా కనపడాల" అంటూ వర్తకుడు ఈసారి గ్లాసు అంచు దాకా పోశాడు.