నాలుగు వేళ్ళ సందు

మా ఆయన చుట్ట వెలిగించాడని ఎలా రాశారండీ, ఓవర్సీరుగారూ? మీరు చూశారా?

చూళ్ళేదు కదా. మరి కాయితం మీద అంత గుండ్రంగా ఎలా వచ్చింది? “మందుగుండు బండివాడు చుట్ట కాల్చుటచేత...” అలా ఉలిక్కిపడతారేం? ఆయ్, చదువొచ్చండి. మిషన్ బళ్ళో మూడో తరగతి దాకా కూర్చున్నాను. ఉప్పాడ బెస్తపిల్ల కదా, నిశానీ పెట్టేసి ఏడుస్తూ పోతుందనుకున్నారా?

ఇదిగో, ఈ డబ్బీ. మూత తియ్యండి, కరవదు. అయిదు చుట్టలు. మందు మోసే రోజున నా చేతిలో పెట్టి వెళ్ళేవాడు. “దాచు, వచ్చాక కాలుస్తా” అని. ఆయన పోయి తొమ్మిది రోజులైంది. అయిదూ అలాగే ఉన్నాయి.

మరి నిప్పెక్కణ్ణుంచి వచ్చిందంటారా? చెబుతాను. ఆగండి.

ఆ బళ్ళకి ఇనప కమాన్లు, కుదుపుకి వంగి లేచే పట్టీలు, వేయించారు మీరు. క్వారీ దారంతా రాళ్ళూ గోతులూను, మందు కుదపకూడదు. బాగానే ఉంది. కమానుకీ, పైన చట్రం దూలానికీ మధ్య సందుంటుంది చూడండి, మా ఆయన రోజూ అందులో చెయ్యి పెట్టి కొలిచేవాడు. ఆరు పీపాలు వేస్తే నాలుగు వేళ్ళు పట్టేవి. మీరు తొమ్మిది వెయ్యమన్నారు. ఒక్క వేలు పట్టేది. అదీ చిటికెన వేలు! ఇక చక్రం గోతిలో పడితే కమాను వంగడానికి చోటేదండీ? పోయి దూలాన్నే కొడుతుంది. టక్!

“కమాన్లున్నాయిగా, భయమేంటోయ్” అన్నారట. మనిషి నడుం కూడా వంగినంతే వంగుతుందండీ. ఆ పైన విరగడమే.

ఆ చప్పుడు ఒక్కసారే విన్నాను, ఊరి చివర మలుపు దాకా ఆయనతో బండెక్కి వెళ్ళినప్పుడు. “విన్నావా?” అన్నాడు. ఇప్పుడు మా అత్త కుండ మీద మూత పెట్టినా అదే. రేవులో తెడ్డు పడవకి తగిలినా అదే. ఆ బెత్తం నేలకేసి కొట్టకండి బాబూ, మీకు దణ్ణం పెడతాను.

తప్పంతా మీ మూడు పీపాల మీద తోసేసి పోదామనే వచ్చాను. దారి పొడుగునా వల్లించుకున్నాను కూడా. వాకిట్లో ఆ రెండు బళ్ళూ చూశాక నా వల్ల కాలేదు.

ఆ చట్రాలు చేసింది మా నాన్న పోతురాజు. పడవలు చేసే చెయ్యి. సముద్రం మా ఒడ్డు తినేశాక మీ బళ్ళ పనిలో చేరాడు. నేనేమో పడవల పగుళ్ళు పూడ్చేదాన్ని. పీచు కుక్కి, పైన గుగ్గిలం నూనెలో కాచి పొయ్యడం. మా ఆయన బండి దూలంలో, కమాను బోల్టు దిగిన చోట, వెంట్రుకంత పగులు. ఆయనే చూశాడు. “దూలం మార్చమను మీ నాన్నని” అన్నాడు.

నేను నవ్వాను.

“పడవ అడుగున దీనికి పదింతలవి పూడ్చాను, ఒక్కటైనా మునిగిందా?” అన్నాను. పూడ్చి పైన తారు రాశాను. మీరు బెత్తంతో తట్టి సరేనన్నారు. ఆయన వేలితో తడిమి తడిమి, పగులు దొరక్క, “నీ చెయ్యి పడితే సముద్రమే లోపలికి రాలేదు, ఇదెంతలే” అన్నాడు.

పడవ వేరండి. నీళ్ళలో చెక్క ఉబ్బి పగులుని తనే బిగించుకుంటుంది. నేల మీద ఏది బిగిస్తుంది? గుగ్గిలం నీటిని ఆపుతుంది గానీ బరువు మోస్తుందా? ఈ మాత్రం నాకు తట్టలేదు. టక్కుమన్నప్పుడల్లా నా తారు కింద ఆ పగులు పాకుతూనే ఉంది.

వెనక బండి తోలుకుంటూ దూరంగా వస్తున్న తాతాజీని అడిగారా మీరు? ముందు దూలం ఫెళ్ళుమంది, బండి కూలబడి పీపాలు పగిలాయి, ఇనుము రాతికి ఒరుసుకుంది, ఆ తరవాతే మంట అన్నాడు. బండి పుల్లయినా మిగల్లేదు. అందుకే మీరు చుట్ట అని రాయగలిగారు. అందుకే నేనూ తొమ్మిది రోజులు నోరు మూసుకోగలిగాను.

ఆ వాకిట్లో రెండు బళ్ళ పగుళ్ళకీ అదే వారంలో అదే గుగ్గిలం పోశానండి. తొమ్మిదేసి పీపాలు ఎక్కించేశారు. తాతాజీకి చెబితే, “అయ్యగారి మాట లేకుండా ఎలా దించనమ్మా?” అంటున్నాడు.

మొగుడి పేరు పలక్కూడదంటారు. పలుకుతున్నాను. చినబాబు చుట్ట కాల్చలేదు. అది కొట్టేసి నా పేరు రాయండి, లోవలక్ష్మి గుగ్గిలం అని. మీ మూడు పీపాలూ రాయండి. జైలంటే జైలే. అదంతా తరవాత.

అదుగో, ఎడ్లని కాడికి కడుతున్నారు. లేవండి. పీపాలు దించమని కేకెయ్యండి. ఇదిగో చాకు. ఆ తారు గీకి, మీ వేలితో మీరే తడిమి చూడండి.