కండలో కాపురం

(కబేళా వెనక తనిఖీ గది. మైక్రోస్కోపు దగ్గర తనిఖీ చేసే ఆమె. పక్కన మాంసం కొట్టు నడిపే ఆమె బావ.)

“ముద్ర కొట్టెయ్ మరదలా, కొట్లో జనం ఆగి ఉన్నారు.”

“ఉండు బావా. అక్క రాలేదేం?”

“నిన్న కాస్త గొడవైంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచాయి. మామూలేగా.”

“నీకు మామూలే. ఇటు రా, ఇందులోంచి చూడు.”

“ఏముంది? దారప్పోగు చుట్టుకుని పడుకున్నట్టుంది.”

“పురుగు. కండ కణంలో దూరింది. దాన్ని చంపదు, మార్చేస్తుంది. ఆ కణం కండ పని మానేసి పురుగు చుట్టూ గోడ కడుతుంది, నెత్తురు నాళాలు రప్పిస్తుంది, కూర్చోబెట్టి మేపుతుంది. ఏళ్ళ తరబడి.”

“ఇల్లరికం అల్లుడన్నమాట.”

“నవ్వకు. ఈ మాంసం పచ్చిగా తిన్నవాళ్ళ కండల్లోనూ ఇదే కాపురం. ఈ పందిని ముక్కలు కొట్టారా?”

“లేదు. నీ ముద్ర పడందే కత్తి పెట్టను.”

“సరే, తగలబెట్టిద్దాం. ఇదే పెంపకందారు దగ్గర ఇంతకుముందు కొన్నావా?”

“కొన్నా... మూడు వారాలైంది. నువ్వే చూసి బాగుందన్నావుగా.”

“ఆ రోజు రెండు పందులకి రెండు ముక్కలు తెచ్చావు. రెండూ బాగున్నాయి.”

“బాగున్నాయి కదా మరి.”

“గోడకేసి చూస్తావేం బావా?”

“హడావిడిలో... పక్కపక్కనే వేలాడుతున్నాయి. రెండు ముక్కలూ ఒకదాన్నుంచే కోశా. ఏముందిలే అనుకున్నా.”

“రెండోదేమైంది?”

“కీమా కొట్టి, మసాలా కలిపి అమ్మేశాం. ఎవరైనా ఉడికించుకునేగా తింటారు? పచ్చిది ఎవరు తింటారు?”

“కలిపేటప్పుడు ఉప్పు సరిపోయిందో లేదో ఎలా చూస్తారు?”

“చిటికెడు నోట్లో వేసుకుని...”

“పచ్చిదే?”

“పచ్చిదే.”

“నువ్వా?”

“నాకు బీపీ కదా, ఉప్పు ముట్టను. మా కొట్టు నడిచేదే మీ అక్క నాలుక మీద.”

“అక్కకి ఒళ్ళు నొప్పులున్నాయా? చేతులు పైకెత్తగలుగుతోందా?”

“మొన్న జడ నన్ను వెయ్యమంది. సరసమనుకున్నా.”

“నిన్న గొడవ దేనికి?”

“ఏదో... ఇంటి గొడవ.”

“దేనికి బావా?”

“జబ్బుతో కళ్ళు వాచాయని చెబితే నువ్వు కొట్టు మూయిస్తావని అలా అన్నా. మేం గొడవ పడనే లేదు మరదలా.”